సంపాదకుని మాట: ఇంటి భాండాగారము

తాళపత్రము శిథిలము కాకమునుపే దానికి ప్రతి వ్రాయించుట మన పూర్వుల యాచారము. మనమో, పెండ్లి వీడియోలను, జీఎస్టీ లెక్కలను, మనుమరాలి తప్పటడుగుల ఫోటోలను ఒక్క హార్డుడిస్కునకే యప్పగించి, అది టిక్కుటిక్కుమని మూలుగ నారంభించిన నాడు దైవమును తలచుకొందుము. మా కార్యాలయమున నట్టి మూలుగు విని, మూడేండ్ల ముఖచిత్రములను పోగొట్టుకొన్న పిదప గాని, ఈ సంచికకు విషయమైన నెట్‌వర్క్ స్టోరేజి పెట్టెపై మాకు శ్రద్ధ కలుగలేదు.

కొనబోవువారు మొదట నడుగవలసినది వెల గాదు, అందెన్ని డిస్కులు పట్టునన్నది. 4 టీబీ డిస్కులు రెండింటిని రెయిడ్ 1 పద్ధతిని జతపరచినచో, ఒకదాని కొకటి ప్రతిబింబమై, చేతికి దక్కునది 4 టీబీయే. నాలుగింటిని రెయిడ్ 5గా కూర్చినచో 12 టీబీ దక్కును, ఒక డిస్కు చెడినను డేటా నిలుచును. సినిమాలు చూచు ఇంటికి రెండరల పెట్టె చాలును; పదిమంది యొక్కసారిగా ఫైళ్లు తెరచు ఆడిటరు కార్యాలయమునకు నాలుగరలు వలయును. గిగాబిట్ తీగ సెకనుకు 125 మెగాబైట్లకు మించి మోయలేదు గనుక, అంతకు మించిన వేగముల ప్రకటనలకు మురియ నక్కరలేదు. డిస్కులలో, ట్రాకులను ఒకదానిపై నొకటి కొంత కప్పి వ్రాయు ఎస్ఎంఆర్ రకమును వదలి, అట్లు కప్పక వ్రాయు సీఎంఆర్ రకమునే యడుగుడు.

అయినను రెయిడ్ బ్యాకప్ గాదు: పొరపాటున చెరపిన ఫైలు రెండు డిస్కులనుండియు నొక్క క్షణమున మాయమగును. రెండవ ప్రతి వేరొక యింట నుండవలెను. మాది యిపుడు ప్రూఫులు దిద్దు మిత్రుని బీరువాలో, పట్టుచీరల మడతల నడుమ నున్నది. యూపీఎస్ మాత్రము ఇంకను కొనలేదు.