అమ్మించినోళ్లను వదిలి అమ్మను పట్టుకుంటారా?

పసిబిడ్డను అమ్ముకున్న తల్లి అంటూ పేపర్లో ఫోటో వేస్తారు. మొహానికి కొంగు అడ్డం పెట్టుకున్న ఆమె ఏ మాదిగవాడ మనిషో, ఏ తండా మనిషో అయ్యుంటుంది. బేరం కుదిర్చినవాడి ఫోటో మాత్రం పడదు. 1999లో, మళ్ళీ 2001లో లంబాడా తండాల పసికందులు హైదరాబాదు దత్తత సంస్థల్లో తేలారు. విదేశీ దత్తతల వెనకున్న వ్యాపారం బయటపడింది. నిర్వాహకులను అరెస్టు చేశారు. అయినా జనం నోళ్ళల్లో నిలిచిపోయింది 'తండావాళ్ళు పిల్లల్ని అమ్ముకుంటారు' అన్న నిందే.

చట్టం అట్లా అనలేదు. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 81వ సెక్షన్ ప్రకారం బిడ్డను అమ్మినా, కొన్నా నేరమే. 5 ఏళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల జరిమానా. ఆసుపత్రి, నర్సింగుహోం సిబ్బంది తమ చేతిలో ఉన్న బిడ్డను అమ్మితే 3 ఏళ్ళకు తగ్గకుండా 7 ఏళ్ళ దాకా శిక్ష. అనాథ బిడ్డను గానీ, కన్నవాళ్ళు వదిలేసిన బిడ్డను గానీ పద్ధతి తప్పి దత్తత ఇచ్చినా, తీసుకున్నా 80వ సెక్షన్ కింద 3 ఏళ్ళ దాకా జైలు, లేదా లక్ష జరిమానా, లేదా రెండూ.

కాగితం మీద కొన్నవాడూ అమ్మినవాడూ ఒకటే. స్టేషన్లో ఒకటి కాదు. కొన్నవాడి వెంట వకీలు వస్తాడు. తల్లి వెంట ఏడుస్తున్న ఇంకో బిడ్డ వస్తుంది.

ఇది చాలదన్నట్టు 2021లో ఈ చట్టాన్ని సవరించారు. 3 నుంచి 7 ఏళ్ళ దాకా శిక్షపడే నేరాలను నాన్-కాగ్నిజబుల్ చేశారు. 2022 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి తెచ్చారు. అంటే మేజిస్ట్రేటు హుకుం లేనిదే పోలీసు దర్యాప్తు మొదలుపెట్టడు. బిడ్డ పోయిన కూలితల్లి కోర్టు మెట్లెక్కి అనుమతి తెచ్చేసరికి బిడ్డ ఏ రాష్ట్రం దాటుతుందో! ఇది ఎవరికి మేలు చేసే సవరణో వేరే చెప్పాలా?

2025 ఏప్రిల్లో సుప్రీంకోర్టు, పసిబిడ్డ మాయమైన ఆసుపత్రి లైసెన్సును ముందు సస్పెండ్ చెయ్యమంది. పిల్లల రవాణా కేసుల విచారణ 6 నెలల్లో ముగించమంది. ఈ మాట ప్రతి కార్యకర్త నోట్లో ఉండాలి.

వాడవాడలా చెప్పాల్సింది ఇంకొకటుంది. సాకలేని తల్లి దళారి దగ్గరికి పోనక్కర్లేదు. జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగించవచ్చు. మనసు మారితే వెనక్కి తీసుకోవడానికి 2 నెలల గడువుంది. గతిలేక బిడ్డను వదిలిన కన్నతల్లికి 75వ సెక్షన్ శిక్ష వర్తించదని చట్టమే చెప్తోంది. 1098కి ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేదు. తెల్లకాగితం మీద మాత్రం వేలిముద్ర వెయ్యనియ్యొద్దు.

సవరణను రద్దు చెయ్యాలి. కేసు దళారి నుంచి, ఆసుపత్రి నుంచి మొదలవ్వాలి. తల్లికి ఉచిత వకీలును పెట్టాలి. కూలి, రేషను, కాన్పు ఖర్చు సరిగా అందితే ఏ తల్లీ బిడ్డను బేరం పెట్టదు. ఆకలిని ముద్దాయిగా నిలబెట్టలేని సర్కారుకు తల్లిని బోనెక్కించే హక్కు ఎక్కడిది?