జనసంఖ్యయు వన్యప్రాణులును

జనులు పెరుగుటచేతనే నగరమున వన్యప్రాణులకు తావు లేకపోయెననియు, సంతానమును తగ్గించినగాని జీవజాతులు నిలువవనియు కొందరు వాదించుచున్నారు. ఈ వాదమును మేమంగీకరింపజాలము.

1951లో హైదరాబాదు జనసంఖ్య దాదాపు 11 లక్షలు; 2011 నాటికి నగరపాలక సంస్థ పరిధిలోనే 67 లక్షలు. అమీర్‌పేట హాస్టళ్లయందును, పంజగుట్ట కూడలియందును జనసమ్మర్దము ప్రత్యక్షమే. కాని దీనికి శిశుజననములు ప్రధానకారణము కావు. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేననుసరించి తెలంగాణమున స్త్రీకి సగటు సంతానము 1.8, జనసంఖ్య తగ్గకుండ నిలుచుటకే 2.1 వలయును. విద్యకై, ఉద్యోగమునకై జిల్లాలనుండి వచ్చిన యువజనులే అమీర్‌పేటను నింపుచున్నారు. ఒక్క గదిలో నలుగురు తలదాచుకొనువారు అడవిని మ్రింగిరనుట న్యాయమా?

పంజగుట్టకు అనతిదూరమున కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానము గలదు. 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన ఆ సుమారు 390 ఎకరములలో నేటికిని నెమళ్లు పురివిప్పుచున్నవి. చుట్టును జనము క్రిక్కిరిసినను అవి బ్రతుకుటకు కారణము చట్టరక్షణయే. కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములకు అట్టి రక్షణ లేదు. కావుననే 2025లో యంత్రములు అచట చెట్లను కూల్చుచుండగా సుప్రీంకోర్టు అడ్డుపడవలసి వచ్చెను. ఆ భూమిని కోరినవారు హాస్టలు విద్యార్థులు కారు. దానిని విక్రేయ వస్తువుగా చూచిన పాలకులే.

మిగిలిన కంచలను, చెరువులను, గుట్టలను వేలమునకు పెట్టకమునుపే చట్టముచే రక్షించుట ప్రభుత్వధర్మము. పౌరులారా! పేదవాని బిడ్డలను లెక్కించుట మాని, పాలకులను ఎకరముల లెక్క అడుగుడు.