అట్లకాడకు అలవాటైన చేయి

అట్లకాడ అంచు పెనాన్ని గీరే చప్పుడుతోనే మనలో చాలామందికి తెల్లారుతుంది. అట్టు అంచు కింద కాడ దూర్చి, ఒక్క ఊపులో గీరి, తిరగేయడం. ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, పక్కన నిలబడి చూసి వచ్చేస్తుంది. నాన్‌స్టిక్ పెనానికి పగ ఆ అలవాటుతోనే. కొత్తది ఇంటికొచ్చిన మూడో రోజో నాలుగో రోజో, బడి బస్సు వచ్చే వేళకి, చెక్క గరిటె కనపడదు. చేయి దానంతటదే గోడకు వేలాడే అట్లకాడ మీదికి పోతుంది. నల్లటి పూత మీద వెంట్రుకవాసి తెల్ల గీత పడుతుంది. ఆ పూట దాన్నెవరూ పట్టించుకోరు.

ఇనప పెనం నడత వేరు. మొదట్లో మొండికేస్తుంది, అట్టును వదలదు. ఉల్లిపాయ ముక్క నూనెలో ముంచి రుద్దగా రుద్దగా, ఏళ్లు గడిచేకొద్దీ చెప్పినట్టు వింటుంది. నాన్‌స్టిక్‌ది ఎదురు దారి. దాని మొదటి రోజే మంచి రోజు. మొదటి అట్టు పెనానికే అనే మాట దీని దగ్గర చెల్లదు. నూరో అట్టుకు చెల్లవచ్చు. ఆరేడు వందలది కొన్నా మూడు వేలది కొన్నా ముందుగా అరిగేది పూతే కనక, ఖరీదైనదైతే కలకాలం ఉంటుందనే భ్రమ మానుకుంటే సగం డబ్బు మిగులుతుంది. చవకది కొనడం పిసినారితనం కాదు. ఎలాగూ పోయే వస్తువుకు పోయేంత ధరే ఇవ్వడం.

ఆ పూత కథ 1938లో అమెరికాలో మొదలైంది. డ్యూపాంట్ సంస్థలో రాయ్ ప్లంకెట్ అనే యువ రసాయన శాస్త్రవేత్త చల్లదనాన్నిచ్చే వాయువుల మీద పనిచేస్తుండగా, సిలిండర్లో ఉండాల్సిన వాయువు బయటికి రాలేదు. కోసి చూస్తే లోపల తెల్లటి పొడి. దేనికీ అంటని పదార్థం. దేనికీ అంటనిది పెనానికి మాత్రం ఎలా అంటుతుంది? 1954లో ఫ్రాన్స్‌లో మార్క్ గ్రెగ్వార్ అనే ఇంజనీరు దారి కనిపెట్టాడు. అల్యూమినియాన్ని ఆమ్లంతో కంటికానని గుంటలు పడేలా గరుకు చేసి, పూత ఆ గుంటల్ని పట్టుకుని ఉండేలా చేశాడు. దాన్ని వంటింటికి తెమ్మన్నది ఆయన భార్య కొలెట్ అంటారు. ఇప్పటి పద్ధతులు మారినా పట్టు మాత్రం అలాంటిదే: జిగురుతో వచ్చింది కాదు, గోళ్లతో పట్టుకున్నట్టు వచ్చింది. అందుకే ఆ వెంట్రుకవాసి గీత చిన్నది కాదు. అందులోంచి తడి, ఉప్పు దిగుతాయి, వేడి పనిచేస్తుంది, గోళ్లు ఒక్కొక్కటే సడలుతాయి.

దుకాణంలో చూడాల్సింది రంగు కాదు, బరువు. పలచటి పెనం సెగ తగిలినచోటే మాడి, నెలలు తిరక్కుండా నడుమ ఉబ్బుతుంది. ఆ తర్వాత నూనె ఎంత పోసినా అంచులకే పారుతుంది. దాదాపు మూడు మిల్లీమీటర్ల మందముంటే ఇంటి వాడకానికి చాలు. గాజు బల్ల మీద పెట్టి అంచును వేలితో నొక్కితే టకటకలాడకూడదు. ఇండక్షన్ పొయ్యి ఉన్నవాళ్లు ఒక అయస్కాంతం జేబులో వేసుకెళ్లి అడుగున అంటుతుందో లేదో చూసుకోవాలి. పిడి మరలు కదలకూడదు. ఇక గ్రానైట్, మార్బుల్ అన్న పేర్లంటారా, చాలావాటిలో అదే పూతకు చుక్కల రంగు అద్దుతారు. రాయి పేరుంటే రాయి ఉన్నట్టు కాదు. పీఎఫ్‌ఓఏ లేదన్న చీటీ కూడా అంతే. పూత తయారీలో వాడే ఆ రసాయనాన్ని అమెరికాలోని పెద్ద తయారీదారులు 2015 నాటికే వదిలేశారు, 2019లో అంతర్జాతీయ ఒప్పందమే దానికి అడ్డుకట్ట వేసింది. చీటీ ఉంటే మంచిదే. ఆ కుటుంబంలోని మిగతా రసాయనాల సంగతి అది చెప్పదు, దానికోసం రెట్టింపు ధరా ఇవ్వక్కర్లేదు.

అసలు జాగ్రత్త సెగ దగ్గర. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు నాన్‌స్టిక్ పెనం వేడి 170 డిగ్రీలు దాటితే ప్రమాదమన్నాయి. ఖాళీ పెనాన్ని పొయ్యి మీద చాలాసేపు వదలొద్దని, పూత చెడితే పారేయమని కూడా చెప్పాయి. తయారీదారులు మామూలుగా 260 దాకా పరవాలేదంటారు. అంకెల్లో ఈ తేడా ఉన్నా, ఫోన్ మోగిందని ముందుగదిలోకి వెళ్లివచ్చేలోపు ఖాళీ పెనం రెండు గీతల్నీ దాటగలదు. నూనె ఉంటే పొగ వచ్చి హెచ్చరిస్తుంది. ఖాళీ పెనానికి ఆ హెచ్చరిక లేదు. మరీ కాలిన పూత విడిచే ఆవిరికి పంజరంలోని చిలకలు చచ్చిపోతాయి. మనుషులకు జ్వరం, దగ్గు వచ్చి తగ్గుతాయి. పోపుకి, వేపుళ్లకి బాణలి ఉండగా ఈ పెనాన్ని ఆ పెద్దమంటకు ఎందుకు అప్పగించాలి?

అట్టు పోసే తీరు కూడా కొంచెం మార్చుకోవాలి. ఇనప పెనం మీద నీళ్లు చిలకరించి చుయ్ మనిపించడం మనకు ముచ్చట. కాగిన నాన్‌స్టిక్ మీద చన్నీళ్లు కుమ్మరిస్తే మాత్రం లోహం వంగుతుంది. ముందే నూనె రాసి పిండి పోశారా, గరిటెతో పాటే పిండి ముద్దగా చుట్టుకుపోతుంది, గుండ్రం కుదరదు. సన్న సెగ మీద పెట్టి, గోరువెచ్చని నీళ్లలో పిండిన గుడ్డతో ఒకసారి తుడిచి, పిండి పరిచి, ఆ తర్వాత అంచుల్లో నాలుగు చుక్కల నూనె. పెసరట్టు అంచులు తామే లేస్తాయి. అప్పుడు చెక్కదో కొబ్బరి చిప్పదో గరిటె ఆనిస్తే చాలు.

ఇవన్నీ ఇంట్లో ఒకరు పాటిస్తే చాలదు. మా ఇంటి రెండో పెనం ఎలా పోయిందో చెప్పాలి. సింకులో మసిబట్టిన బాణలి, దాని మీద ఇది. గిన్నెలు తోమే ఆవిడ రెండింటినీ ఒకే స్టీలు పీచుతో తోమి, గుమ్మం దాకా పట్టుకొచ్చి, "చూడండమ్మా, ఎట్టా తళతళలాడతందో" అంది. నిజంగానే తళతళలాడుతోంది. నడుమ అరచేతి మేర అల్యూమినియం బయటపడింది. ఆవిడ్ని ఏమనగలం? మెరిస్తేనే శుభ్రమని ఇన్నేళ్లూ మెచ్చుకున్నది మేమే. మూడోదాన్ని వండినవాళ్లే, చల్లారాక, మెత్తటి స్పాంజితో కడుగుతున్నారు. గిన్నెల కింద తోయకుండా పాత లుంగీ ముక్క వేసి విడిగా పెడుతున్నారు. ఒకసారి అంచుల్లో జిడ్డు గోధుమరంగు తిరిగి అంటుకోవడం మొదలెడితే దీని పనీ అయిపోయిందనుకున్నాం. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లు పోసి అరగంట నానబెట్టి తుడిస్తే, పోయింది పూత కాదు, పేరుకున్నది పాత నూనె అని తేలింది.

ఆ రెండో పెనాన్ని పాత సామాన్లు కొనే అతనికి ఇచ్చాం. సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి పిడి ఊడదీసి మా చేతికే ఇచ్చాడు, తూకంలో ప్లాస్టిక్ లెక్కకు రాదట. పెనాన్ని ఒకసారి తిరగేసి చూశాడు. పూత ఉందా పోయిందా అని అడగలేదు. అడుగును వేలితో కొట్టి, "మందంగానే ఉందమ్మా" అన్నాడు.