పాలకొల్లు కింద ఒక గీత

మత్స్యపురి, పాలకొల్లు... పశ్చిమ గోదావరి జిల్లాలో రెండు వేర్వేరు ఊళ్లు. చమురు శాస్త్రవేత్తల మ్యాపులో మాత్రం ఆ రెంటినీ కలిపి ఒకటే పేరు- మత్స్యపురి-పాలకొల్లు ఫాల్ట్. తణుకు, కైకలూరు పేర్లతో 'హోర్స్ట్'లున్నాయి. గుడివాడ, బంటుమిల్లి పేర్లతో 'గ్రాబెన్'లున్నాయి. ఆ ఊళ్లలో రోజూ బస్సు దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసో ఈ సంగతి!

ఫాల్ట్ అంటే ఇక్కడ తప్పు అని కాదు. నేల లోపలి రాతిపొరలు విరిగి, ఒక పక్క జారిపోయిన చోటు. పాఠ్యపుస్తకాల్లో భ్రంశం అని రాస్తారు. మడతకాజాను నిలువునా కోసి ఒక ముక్కను కాస్త కిందికి జరిపితే ఎలా ఉంటుందో అలాగన్నమాట. దాదాపు 13 కోట్ల ఏళ్ల క్రితం మన భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోయేటప్పుడు తూర్పుతీరం ఇలాగే ముక్కలైంది. ఎత్తుగా నిలిచిన ముక్క హోర్స్ట్, కుంగిపోయింది గ్రాబెన్. పాలకొల్లు ఫాల్టుది వేరే కథ. ఆ తర్వాత ఎంతోకాలానికి, నదులు తెచ్చిపోసిన మట్టి బరువుకు పొరలు సముద్రం వైపు జారడంతో పుట్టిందది. ఒకపక్క జారుతుంటే మరోపక్క పైన మట్టి పడుతూనే ఉంది. అందుకే అక్కడ సముద్రం వైపు పొరలు మందంగా ఉంటాయి.

ఇంతకీ ఈ పగుళ్లతో పనేమిటి? చమురూ గ్యాసూ ఇసుకరాతి రంధ్రాల్లోంచి పైకి పాకుతూ పోతాయి. ఎక్కడో ఒకచోట అడ్డు తగిలితేనే ఆగుతాయి. ఆ అడ్డు చాలాసార్లు ఫాల్టే. కానీ అన్ని ఫాల్టులూ ఆపవు. చేను గట్టునే చూడండి... గట్టి గట్టయితే మడిలో నీళ్లు నిలుస్తాయి. ఎండ్రకాయ బొరియ పడిందా, తెల్లారేసరికి నీళ్లు పక్క చేలో ఉంటాయి! ఫాల్టుకి అటూ ఇటూ ఇసుకరాయే ఎదురెదురుగా వస్తే గ్యాసు దాటిపోవచ్చు. జారేటప్పుడు మధ్యలో బంకమట్టి పూతలా పరుచుకుంటే ఆగిపోవచ్చు. రెండూ మ్యాపు మీద ఒకేలాంటి గీతలే.

ఆ గీత గీయడమూ తేలిక కాదు. పొలంలో సన్నని గుంత తవ్వి, పేలుడు మందు పెట్టి పేలుస్తారు. నేలలోకి వెళ్లిన కంపనాలు పొరలను తాకి తిరిగొస్తే, వరసగా పాతిన జియోఫోన్లు పట్టుకుంటాయి. గోదావరి జిల్లాల్లో పొలాల మధ్య ఆ కేబుళ్లు చూసినవాళ్లు చాలామందే ఉంటారు. సముద్రంలో అయితే పేలుడు మందుకు బదులు గాలి తుపాకులు. తిరిగొచ్చిన ధ్వనులన్నిటినీ పేర్చితే పొరలు గీతలుగా కనిపిస్తాయి. ఆ గీతలు తెగినచోటల్లా ఫాల్టు ఉందేమోనని అనుమానం. ఒకప్పుడు కాగితాల మీద రంగు పెన్సిళ్లతో ఈ పని చేసేవారు. 1995లో అమోకో కంపెనీ శాస్త్రవేత్తలు కొత్త దారి చూపారు. పక్కపక్క సంకేతాలను కంప్యూటరు పోల్చుతుంది. పోలిక కుదరని చోట్లు నల్లగా తేలతాయి, ఫాల్టులు చెట్టుకొమ్మల్లా బయటపడతాయి.

అయినా అన్నీ కనపడవు. ధ్వని రాతిలో సెకనుకి 3000 మీటర్లు ప్రయాణిస్తూ 30 సార్లు కంపిస్తే ఒక్కో తరంగం పొడవు 100 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 25 మీటర్లకు తగ్గిన జారుడును నమ్మకంగా పట్టుకోవడం కష్టం. నిలువెత్తు కొబ్బరిచెట్టంత తేడా కూడా కంటికి చిక్కదన్నమాట! మిగిలింది బావులే చెప్పాలి. ఒక బావిలో గ్యాసు తోడుతుంటే పక్క బావిలో ఒత్తిడి తగ్గిందా, రెంటికీ దారి ఉన్నట్టు. తగ్గకపోతే మధ్యలో ఏదో గట్టు ఉండి ఉంటుంది.

దారి ఉందా, లేదా? ఈ ప్రశ్న విలువెంతో కాకినాడకు ఎదురుగా ఉన్న లోతు సముద్రంలో తెలిసింది. అక్కడ రిలయన్స్, ఓఎన్‌జీసీల బ్లాకులు పక్కపక్కనే. తమ బ్లాకులోని గ్యాసు పక్క బావుల్లోంచి పోతోందని 2014లో ఓఎన్‌జీసీ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. అక్కడ ఉన్నవి ప్రధానంగా పాత కాలువల ఇసుక మేటలు, కాబట్టి తేలాల్సింది ఫాల్టుల సంగతి ఒక్కటే కాదు, ఇసుక అసలు కలిసే ఉందా అన్నది. డిగోలియర్ అండ్ మెక్‌నాటన్ అనే అమెరికా సంస్థ 2015లో నివేదిక ఇచ్చింది. నిక్షేపాలు కలిసే ఉన్నాయని, సుమారు 1112 కోట్ల ఘనపు మీటర్ల గ్యాసు సరిహద్దు దాటిందని అందులో తేల్చింది. 2016లో ప్రభుత్వం రిలయన్స్‌ని 155 కోట్ల డాలర్లు కట్టమంది. 2018లో మధ్యవర్తుల ట్రిబ్యునల్ కట్టనక్కర్లేదంది. 2023లో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ తీర్పునే సమర్థించారు. 2025 ఫిబ్రవరిలో అదే హైకోర్టు ధర్మాసనం దాన్ని కొట్టేసింది.

బ్లాకుల సరిహద్దు గీసింది ఢిల్లీలో, స్కేలు పెట్టి. గ్యాసుకి ఆ గీత సంగతి తెలియదు, పాలకొల్లు కింది గీతలాంటిదైతే తెలిసేదేమో.