కత్తి పట్టేదెప్పుడు?

పోయిన సంక్రాంతికి గూడూరు వెళ్తే మా పిన్ని కొడుకు కనిపించాడు. ఓ ప్రభుత్వ కాలేజీలో ఎమ్మెస్ జనరల్ సర్జరీ, రెండో ఏడు. ఒక్కరోజు సెలవు దొరికిందట, అందులో పద్నాలుగు గంటలు నిద్రే! లేచాక "ఆపరేషన్లు ఎన్ని చేశావురా?" అన్నా.

"ఏం చేశానన్నా... శాంపిళ్ళు ల్యాబుకి మోశా, బ్లడ్ బ్యాంకు చుట్టూ తిరిగా, ఎన్టీఆర్ వైద్యసేవ కాగితాలు నింపా. 36 గంటల డ్యూటీలో థియేటర్లో ఉన్నది రెండు గంటలు. అదీ రిట్రాక్టర్ పట్టుకుని" అన్నాడు.

మన భాషలో చెప్పాలంటే, ఫ్రెషర్ని డెవలపర్ అని తీసుకుని, మూడేళ్ళు టికెట్లు మూయించి, నాలుగో ఏడు ఒంటరిగా ప్రొడక్షన్ మీదకి వదలడం. మన సర్వర్ పడిపోతే రోల్‌బ్యాక్ చేస్తాం. కడుపు కోశాక రోల్‌బ్యాక్ ఉండదు కదండీ!

నిబంధనలు లేవా అంటే ఉన్నాయి. రెసిడెంట్ డాక్టర్ల డ్యూటీ మామూలుగా రోజుకి 12, వారానికి 48 గంటలు దాటకూడదని కేంద్ర ఆరోగ్యశాఖ 1992 జూన్ 5నే ఆదేశమిచ్చింది. అమెరికాలో 2003లో పెట్టిన పరిమితి వారానికి 80. కాగితం మీద మనమే ఉదారం! 2023 పీజీ నిబంధనల్లో మాత్రం అంకె లేదు, పనిగంటలు సహేతుకంగా ఉండాలన్నారంతే. ఎవరి హేతువు?

అయినా నా గొడవ గంటల గురించి మాత్రమే కాదు. గంటలు తగ్గించి, మిగిలినవి కూడా శాంపిళ్ళకే పెడితే వాడు సర్జన్ ఎప్పుడవుతాడు?

"మేమూ అలాగే నేర్చుకున్నాం" అంటారు పెద్ద డాక్టర్లు. ఆపరేషనైన పేషెంటుని అర్ధరాత్రి కనిపెట్టుకుని ఉండటం, డ్రెస్సింగు మార్చడం, ఎవరిని మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళాలో పసిగట్టడం... ఇదంతా చదువే, కాదనను. కానీ వందోసారి శాంపిల్ మోస్తే ఏం వస్తుంది? ఆ పనికి మనిషిని పెట్టకుండా, స్టైపెండుకే దొరికాడని పీజీతో చేయించడం చదువు పేరుతో చేసే పొదుపు. 2020లో జిల్లా రెసిడెన్సీ తెచ్చారు, పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలని. మంచిదే. అక్కడా ఖాళీ పోస్టు పూడ్చడానికే వాడుకుంటే మళ్ళీ అదే కథ.

మనం ప్రతివారం టైమ్‌షీటు నింపట్లేదా? వాళ్ళ లాగ్‌బుక్కులో కేసుల లెక్క పక్కనే ఇంకో గడి పెట్టండి, ఏ పనికి ఎన్ని గంటలు పోయాయో రాయించండి. గుట్టంతా అందులోనే బయటపడుతుంది.

ఇది డాక్టర్ల గోల, మనకెందుకు అంటారా? రేపు అర్ధరాత్రి అపెండిక్స్ నొప్పితో గూడూరు ఏరియా ఆసుపత్రికి వెళ్ళేది మా అమ్మో, మీ నాన్నో. కత్తి పట్టినవాడు ఎన్ని శాంపిళ్ళు మోశాడని అప్పుడు మనం అడగం. ఎన్ని ఆపరేషన్లు చేశాడనే అడుగుతాం.