పొరుగింటి పుస్తకాలు

శ్రీరామనవమికి భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు వస్తాయి గదా! ఆ ఆనవాయితీకి 1672 నుంచి 1687 వరకూ గోలకొండనేలిన తానీషాయే మూలమని చెప్పుకుంటాం. రామదాసును చెరలో పెట్టించినవాడూ ఆయనే, రామమాడలు అందుకుని విడిపించినవాడూ ఆయనే. అంచేత మన కథల్లో తానీషా ఉత్త దుర్మార్గుడు కాలేదు. మనిషిగా నిలిచాడు.

మూడువందల ఏళ్లనాటి సుల్తానుకిచ్చిన ఆపాటి మర్యాద ఇవాళ పక్కింటి సాయిబుగారికి దక్కుతున్నదా? ఖమ్మం దాటి అడవి అంచున ఉన్న ఒక ఊరి నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. టీవీలో వార్తలు చూసి చూసి వారి అబ్బాయి పక్కింటి ముస్లిం నేస్తంతో ఆటలు మానేశాడట. "వాడి చేత ఏ పుస్తకం చదివించమంటారు?" అని అడిగారు.

అమ్మా, మతగ్రంథంతో మొదలుపెట్టకండి, ఇంటితో మొదలుపెట్టండి. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' 1999లో వచ్చింది. నెల్లూరు సీమ యాసలో, ఒక ముస్లిం ఇంటి పిల్లవాడి చిన్నతనం. మీవాడు రెండు కథలు చదివితే మూడోది తనే అడుగుతాడు.

పెద్దలకు 'వతన్' కథాసంకలనం ఉంది. స్కైబాబ సంపాదకత్వంలో 2004లో వెలువడింది. ముస్లిములంటే అందరూ ఒకే మూసలో పోసినవాళ్లనుకునే వారికి ఇది మంచి మందు.

మన ఖమ్మం జిల్లా కవి అఫ్సర్ కవితలు కూడా వెతికి చదవండి. ఇంగ్లీషు వచ్చినవారికి ఆయనదే మరో గ్రంథం, 2013లో వచ్చింది. అనంతపురం జిల్లా గూగూడులో హిందువులూ ముస్లిములూ కలిసి చేసుకునే పీర్ల పండుగ మీద పరిశోధన అది. అయితే పీర్ల పండుగే ఇస్లాం అనుకోరాదు. పీర్లను ఒప్పుకోని ముస్లిములూ ఉన్నారు. ఈ తేడా తెలియడమే సగం చదువు.

ఆ తరువాత ఖురాన్. దానిని 1925లోనే తెలుగు చేసినవారు చిలుకూరి నారాయణరావు పంతులుగారు. ఆ పిమ్మట వేరే అనువాదాలూ వచ్చాయి. ఏది చదివినా వివరణ ఉన్న ప్రతి తీసుకోండి. భారతంలోంచి ఒక్క పద్యం ఊడదీసి ధర్మం ఇదేనంటే మనం ఊరుకుంటామా? ఆ న్యాయం అక్కడా వర్తిస్తుంది.

ఒక్క మనవి. పుస్తకం తెప్పించేదాకా ఆట ఆపనక్కరలేదు. గోడకు అవతల రెండో పిల్లవాడు ఉన్నాడు. తన నేస్తం ఎందుకు రావడం లేదో వాడూ ఆలోచిస్తూనే ఉంటాడు. వాడు నేర్చుకునే పాఠానికి పుస్తకంతో పని లేదు.