పోపుల డబ్బా ఎవరు సర్దారు?

పుట్టింటికెళ్ళి నాలుగు రోజులుండి వచ్చారు. పొయ్యి మీద మూకుడు పెట్టి, నూనె కాగాక పోపుల డబ్బా మూత తీశారు. ఆవాలుండే గిన్నెలో మెంతులున్నాయనుకోండి, మీకెలా ఉంటుంది? ఏదీ పోలేదు, అన్నీ అందులోనే ఉన్నాయి. కానీ వెతుక్కునేలోపు నూనె కాస్తా మాడిపోతుంది.

2025 దసరాకి వచ్చిన మా అబ్బాయి మా ఇంట్లో కంప్యూటర్‌కి సరిగ్గా ఈ పనే చేసి వెళ్ళాడు. "అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే అప్‌డేట్లు ఆగిపోతాయమ్మా. నువ్వు బ్యాంకు పనులు కూడా దాంట్లోనే చూస్తావుగా, అందుకే 11 వేసేశాను" అని బస్సెక్కబోతూ చెప్పాడు. మంచి మాటే కదా అని నేనూ తలూపాను.

నా సంగతి మీకు తెలుసు. ఇంటర్‌తో చదువు ఆపేసినదాన్ని. నలభై దాటాక మౌస్ పట్టుకోవడం నేర్చుకున్నాను. నోట్‌బుక్ ఒకటి పెట్టుకుని ఒక్కొక్క మెట్టూ రాసుకున్నాను. "ఎడమ పక్క కింది మూల నొక్కాలి. తర్వాత..." అని. మా పొదుపు సంఘంలో 12 మందిమి ఉన్నాం. ఎవరెంత కట్టారు, ఎవరి అప్పు ఎంత తీరింది అన్న లెక్కలన్నీ నేనే చూస్తాను. ప్రతి నెలా 5వ తేదీ సమావేశానికి కాగితం తీసి అందరికీ చూపించడం నాకదో చిన్న గర్వం. ఎందుకు దాచాలి?

ఆ 5వ తేదీ మధ్యాహ్నం మూడింటికి అందరూ వచ్చి కూర్చున్నారు. నేను ఎడమ మూల నొక్కాను. అక్కడ స్టార్ట్ బటన్ లేదు! అది తెర కింద నడిమధ్యకి వెళ్ళి కూర్చుంది. సరే, దాన్ని పట్టుకున్నాను. లోపలా వేరేగా ఉంది. ఇక లెక్కల ఫైలు చూద్దామంటే, తెర గజిబిజిగా ఉందని మావాడు అన్నీ ఏదో ఫోల్డర్‌లోకి నెట్టేశాడు. నా నోట్‌బుక్ నా ఒళ్ళోనే ఉంది, కానీ ఒక్క ముక్కా పనికిరాలేదు. అరగంట చూశారు పాపం. "మన పాత పుస్తకమే నయం వదినా" అని ఒకావిడ అననే అంది. ఎగతాళిగా కాదు లెండి, కానీ నాకు మొహం చెల్లలేదు. కళ్ళద్దాలు తుడుచుకుంటున్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వాడికి ఫోన్ చేస్తే "అక్కడే ఉంటుంది, చూడమ్మా" అంటాడు. ఆ "అక్కడే" ఎక్కడో చెప్పడు! దగ్గరుంటే ఇంకోలా. మౌస్ లాక్కుని టకటకా నాలుగు నొక్కులు నొక్కి "చూశావా, ఎంత సులువో" అంటాడు. మీ ఇళ్ళలోనూ ఇదేనా?

చివరికి పక్కింట్లో డిగ్రీ చదివే అమ్మాయి దారి చూపింది. మౌస్ ముట్టుకోకుండా, నా చేతే చేయించింది. మీక్కూడా అవసరపడొచ్చు కాబట్టి రాస్తున్నాను. తెర కింద పట్టీ మీద ఖాళీ చోట మౌస్ కుడి బటన్ నొక్కితే 'టాస్క్‌బార్ సెట్టింగ్స్' అని వస్తుంది. అందులో 'టాస్క్‌బార్ బిహేవియర్స్' తెరిచి, అలైన్‌మెంట్ దగ్గర 'సెంటర్' తీసేసి 'లెఫ్ట్' పెట్టండి. స్టార్ట్ బటన్ మళ్ళీ ఎడమకి వచ్చేస్తుంది. ఫైలు మీద కుడి బటన్ నొక్కితే వచ్చే జాబితాలో పాతవి కొన్ని కనబడవు. అడుగున 'షో మోర్ ఆప్షన్స్' నొక్కితే వస్తాయి. అక్షరాలు ఆనకపోతే సెట్టింగ్స్‌లో 'యాక్సెసిబిలిటీ', అందులో 'టెక్స్ట్ సైజ్' ఉంది. ఇది మాత్రం నాకు భలే నచ్చింది. అసలు కొత్తదే వద్దనుకుంటే, మార్చిన పది రోజుల లోపు వెనక్కి వెళ్ళే వీలు కూడా ఉందట, 'సిస్టమ్'లో 'రికవరీ' దగ్గర. నేను వెళ్ళలేదు. వాడు చెప్పిన రక్షణ మాట నిజమే. సంఘం డబ్బు 12 ఇళ్ళది.

ఈ బాధ మనబోటి వాళ్ళకే అనుకోకండి. 1995 నుంచీ అలవాటైన ఆ స్టార్ట్ బటన్‌ని 2012లో విండోస్ 8లో తీసేస్తే, కంప్యూటర్‌తోనే బతికేవాళ్ళు కూడా గగ్గోలు పెట్టారు. మర్నాటేడు 8.1లో బటన్ తిరిగొచ్చింది. చదువుకున్న వాళ్ళ చేయి కూడా అలవాటైన చోటికే పోతుంది మరి.

ఇంతకీ నాకు కోపం కొత్తదాని మీద కాదు. రోజూ వాడేది నేను. "అమ్మా, ఇలా మారుస్తున్నా, ఓ గంట కూర్చో" అని ఒక్క మాట అనుంటే ఎంత బాగుండేది!

తప్పిపోయిన సమావేశం మళ్ళీ 12వ తేదీన పెట్టాం. కాగితం తీసి ఇచ్చాను. దీపావళికి మావాడు వచ్చాడు. రాగానే కంప్యూటర్ ముందు కూర్చుని, బాణాన్ని తెర మధ్యకి తీసుకెళ్ళి అక్కడక్కడే తిప్పుతున్నాడు. "అమ్మా, స్టార్ట్ ఏదే? ఎవరు మార్చారు?" అని కేక వేశాడు.

కజ్జికాయలు వేయిస్తూ "నోట్‌బుక్‌లో రాసుంది, చూసుకో" అన్నాను.